దశాబ్దాల వారీగా ఎక్కువగా అమ్ముడైన కార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కారు ఏదంటే ఒకరు బీటిల్ అంటారు, ఒకరు కొరోలా అంటారు, అమెరికా సంగతులు తెలిసినవాళ్లు పికప్ ట్రక్కు పేరు చెబుతారు. ముగ్గురి దగ్గరా లెక్కలున్నాయి, ముగ్గురివీ తప్పు కావు. తేడా అంతా దేన్ని లెక్కపెడుతున్నాం అన్న దాంట్లోనే ఉంది. తరచూ వచ్చే ప్రశ్నలకు ఆ తేడా దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

ఇప్పటిదాకా ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన కారు ఏది?

పేరును బట్టి చూస్తే టొయోటా కొరోలా. 1966లో మొదలై 2021 నాటికి 5 కోట్లు దాటింది. దాని వెనకాలే ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్ ఉంది. 1948లో మొదలైన ఆ బండి 2022 మొదట్లో 4 కోట్ల మార్కు చేరింది. ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, 3.5 కోట్లకు పైనే.

అయితే 1966 నాటి కొరోలాకూ ఇప్పటి కొరోలాకూ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు. అప్పటిది వెనక చక్రాలతో నడిచే చిన్న కారు, ఇప్పటిది ముందు చక్రాలతో నడిచే పెద్ద కారు. మొదటిదాని నుంచి ఇప్పటిదాకా పన్నెండు తరాలు వచ్చాయి. పేరూ డిజైనూ రెండూ ఒకటే అయిన కారు కావాలంటే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దగ్గరికే రావాలి. 1938 నాటి ఆకారంతో, వెనక భాగంలో గాలితో చల్లబడే ఇంజిన్‌తో, 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో చివరి కారు బయటికొచ్చే వరకు తయారైనవి 2,15,29,464. లోపలి భాగాలు ఏటా మారుతూ వచ్చినా కారు మాత్రం అదే.

నా ఓటు బీటిల్‌కే. పన్నెండు వేర్వేరు కార్ల అమ్మకాలను ఒకే పేరు కింద కలిపి రికార్డు అనడం కంపెనీ ప్రచారానికి బాగుంటుంది కానీ పోటీ అన్న మాటకు న్యాయం చేయదు.

మరి ఒక్కో జాబితాలో ఒక్కో కారు మొదటి స్థానంలో ఎందుకుంటుంది?

ఫ్యాక్టరీలో తయారైనవి, డీలర్లకు చేరినవి, రోడ్డు మీదికి రావడానికి రిజిస్టర్ అయినవి. ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు. పాత దశాబ్దాలకు సాధారణంగా దొరికేది మొదటిదే. ఫోర్డ్ పాత కారు మోడల్ టీ గురించి ‘ఇన్ని అమ్ముడయ్యాయి’ అని రాసే చోట నిజానికి ఉన్నది ఉత్పత్తి లెక్క.

దీనికంటే పెద్ద తిరకాసు పేరుతో వస్తుంది. 2012కు సంబంధించి ఫోర్డ్ తన ఫోకస్ కారు పది లక్షలకు పైగా అమ్ముడై ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిందని ప్రకటించుకుంది. టొయోటా వెంటనే అడ్డుచెప్పింది. కొన్ని దేశాల్లో కొరోలా వేరే పేర్లతో అమ్ముడవుతుందనీ, అవన్నీ కలిపితే తమదే పైచేయి అనీ వాదించింది. ఒకే కారును యూరప్‌లో చాలాకాలం ఆరిస్ అని అమ్మారు, ఇంకోచోట ఇంకో పేరు పెట్టారు. వాటిని కలపాలా వద్దా? సెడాన్, హ్యాచ్‌బ్యాక్, స్టేషన్ వ్యాగన్ మూడూ ఒకే కారా? దీనికి అందరూ ఒప్పుకున్న నియమమంటూ లేదు.

ఎఫ్-సిరీస్‌దీ ఇదే కథ. అందులో మామూలు ఎఫ్-150 ఉంది, బరువులు లాగే పెద్ద ట్రక్కులూ ఉన్నాయి. అన్నీ కలిపితే అమెరికాలో దానికి ఎదురు లేదు. 2024లో ఎఫ్-150ని మాత్రమే విడిగా లెక్కపెట్టినవాళ్లు టొయోటా రావ్ 4 అనే ఎస్‌యూవీ దాన్ని దాటిందని రాశారు. రెండు వార్తలూ నిజమే.

అందరికంటే ముందు ఎక్కువ అమ్ముడైన కారు ఏది?

అమెరికాలో 1901లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ కర్వ్‌డ్ డాష్. ధర 650 డాలర్లు. ఏడాదికి కొన్ని వేలు అమ్మడమే అప్పట్లో గొప్ప. ఒకే నమూనాను పెద్దసంఖ్యలో వరసగా తయారుచేయడం దానితోనే మొదలైందని చెప్పవచ్చు. ఏడేళ్ల తర్వాత వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ముందు ఆ అంకెలు చిన్నబోయాయి.

మోడల్ టీ అంతలా ఎలా అమ్ముడైంది?

1908 అక్టోబరులో వచ్చినప్పుడు దాని ధర సుమారు 850 డాలర్లు. 1920ల నడుమకు అదే కారు 300 డాలర్లలోపు దొరికింది. ధరలు ఏటా పెరగడమే చూసిన మనకు ఇది వింతగా ఉంటుంది కానీ మోడల్ టీ చరిత్ర అంతా ఈ తగ్గుదలలోనే ఉంది.

హెన్రీ ఫోర్డ్ కారును కనిపెట్టలేదు, అసెంబ్లీ లైన్ ఆలోచన కూడా పూర్తిగా ఆయనది కాదు. 1913లో మిషిగన్‌లోని హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో పనివాడు కారు దగ్గరికి వెళ్లే బదులు కారే పనివాడి దగ్గరికి కదిలి వచ్చేలా చేశారు. ఒక ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగించడానికి అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టేది. కొన్ని నెలల్లో అది 93 నిమిషాలకు దిగింది.

దీనికి ఇంకో ముఖం ఉంది. రోజంతా ఒకే బోల్టు బిగించే పని ఎవరికి నచ్చుతుంది? జనం చేరిన వేగంతోనే మానేశారు. 1913లో ఫ్యాక్టరీలో ఉన్న ఉద్యోగాలకు మూడు రెట్లకు పైగా మనుషుల్ని ఆ ఒక్క ఏడాదిలోనే కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ఫోర్డ్ ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనం ఈ టెన్షన్ నుంచి పుట్టిందే. దాన్ని దానగుణం కింద రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనుషులు నిలవకపోతే లైన్ ఆగిపోతుంది, లైన్ ఆగితే ధర తగ్గదు, అసలు లెక్క అది.

1927 మే 26న కోటీ 50 లక్షలవ మోడల్ టీ బయటికొచ్చింది. ఆ వెంటనే దాని తయారీ ఆపేశారు.

అది నల్ల రంగులో మాత్రమే దొరికేదా?

పూర్తిగా కాదు. మొదటి ఏళ్లలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో అమ్మారు. 1914 నుంచి 1925 వరకు మాత్రం నలుపే. చివర్లో మళ్లీ రంగులు తెచ్చారు, అప్పటికే ఆలస్యమైంది.

దాన్ని నడపడం ఇప్పటి కార్లలాగే ఉండేదా?

అస్సలు కాదు. ఇప్పటి డ్రైవరు ఎవరైనా దానిలో కూర్చుంటే మొదటి నిమిషంలోనే తికమక పడతారు. కింద మూడు పెడల్స్ ఉంటాయి కానీ యాక్సిలరేటర్ వాటిలో లేదు, అది స్టీరింగ్ కింద ఉన్న చిన్న లీవరు. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే మొదటి గేరు, వదిలేస్తే రెండో గేరు. ముందుకు ఉన్నవి ఆ రెండే. మధ్య పెడల్ రివర్సుకు, కుడి పెడల్ బ్రేకుకు.

స్టార్ట్ చేయాలంటే దిగి, ముందు భాగంలో ఉన్న హ్యాండిల్ చేత్తో తిప్పాలి. ఇంజిన్ ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. అందుకని బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టుకోమని నేర్పేవాళ్లు. ఎలక్ట్రిక్ స్టార్టర్ ఈ కారుకు 1919లో గానీ రాలేదు. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, పంపు లేకుండా ఇంధనం ఎత్తు నుంచి పల్లానికి పారి ఇంజిన్‌కు చేరేది. ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉండి ఎదురుగా నిటారు ఎత్తు వచ్చిందంటే ఇంజిన్‌కు ఇంధనం అందదు. అప్పుడు కారు తిప్పి రివర్సులో కొండ ఎక్కేవాళ్లు. ఇన్ని తిప్పలు పెట్టే కారు కోటిన్నర అమ్ముడైందంటే అంత ధరకు దొరికే ఇంకో కారు లేకనే.

మరి అంతటి కారు ఎందుకు వెనకబడింది?

సగం తప్పు ఫోర్డ్‌ది, సగం ఘనత జనరల్ మోటార్స్‌ది. ఫోర్డ్ ఇరవై ఏళ్లపాటు ఒకే కారును ఇంకాస్త చౌకగా అమ్మడమే వ్యాపారం అనుకున్నాడు. ఈలోగా అమెరికాలో మొదటి కారు కొనదలచినవాళ్లు దాదాపు కొనేశారు. రెండోది కొనేవాళ్లకు చౌక ఒక్కటే సరిపోలేదు. పైన కప్పు ఉన్న కారు కావాలి, చూడ్డానికి కొత్తగా ఉండాలి, డబ్బు వాయిదాల్లో కట్టే వీలుండాలి.

ఇది పసిగట్టినవాడు జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్. ఆ సంస్థ 1919లోనే అప్పులివ్వడానికి ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టింది. ఏటా మోడల్‌లో ఏదో మార్పు చేసి, ఉన్న కారు పాతదనిపించేలా చేసింది. 1927లో ఫోర్డ్ ఫ్యాక్టరీలు ‘మోడల్ ఏ’ అనే కొత్త కారు కోసం నెలల తరబడి మూతపడ్డప్పుడు షెవ్రొలే మొదటి స్థానం లాక్కుంది.

ఆ రోజు నుంచి కార్ల అమ్మకాల్లో అప్పు కూడా ఒక భాగమైపోయింది. ఏ దశాబ్దపు జాబితా చూసినా, ఆ కారు వెనకాల ఎవరు ఎంత వడ్డీకి అప్పిచ్చారో కూడా చూడాలనిపిస్తుంది నాకు.

1930లు, 1940లలో ఏవి ముందున్నాయి?

1930లలో అమెరికాలో షెవ్రొలే, ఫోర్డ్ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. బ్రిటన్‌లో ఆస్టిన్ 7 అనే బుల్లి కారు 1922 నుంచి 1939 వరకు మధ్యతరగతి కారుగా నిలిచింది. 1942 ఫిబ్రవరిలో అమెరికా పౌరుల కోసం కార్లు చేయడం ఆపేసి ఫ్యాక్టరీలను యుద్ధానికి అప్పగించింది. ఆ మూడేళ్లకు అసలు జాబితానే లేదనుకోవాలి.

హిట్లర్ కాలంలో పుట్టిన బీటిల్ ప్రపంచమంతా ఎలా అమ్ముడైంది?

ముందు దాని పుట్టుక దగ్గరి మోసం చెప్పాలి. నాజీ ప్రభుత్వం ఈ కారును 990 రైష్‌మార్కులకే ఇస్తామని, వారానికి 5 మార్కుల స్టాంపులు కొని పుస్తకంలో అతికించమని జనానికి చెప్పింది. దాదాపు 3,36,000 మంది చేరారు. ఆ పథకం కింద ఒక్కరికి కూడా కారు అందలేదు. ఫెర్డినాండ్ పోర్షే డిజైన్ చేసిన ఆ కారుకోసం కట్టిన ఫ్యాక్టరీ యుద్ధ వాహనాలు తయారుచేసింది. అక్కడ పనిచేసినవాళ్లలో బలవంతంగా తెచ్చిన కూలీలు వేలల్లో ఉన్నారు.

యుద్ధం తర్వాత వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఆ ఫ్యాక్టరీ బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. మేజర్ ఐవన్ హర్స్ట్ అనే ఇంజనీరు అధికారి శిథిలాలు తీయించి పని మొదలుపెట్టాడు. సైన్యానికి బండ్లు కావాలి కాబట్టి 20,000 కార్లకు ఆర్డరు వచ్చింది. బ్రిటిష్ కార్ల కంపెనీలు మాత్రం ఈ కారు ఎవరికీ పనికిరాదని పెదవి విరిచాయి. పదేళ్లకు, 1955లో, పది లక్షలవ బీటిల్ బయటికొచ్చింది. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ కారుతో మోడల్ టీ రికార్డు పోయింది.

రేడియేటర్ లేదు కాబట్టి నీళ్లు మరగడం, గడ్డకట్టడం అనే గొడవే లేదు. మెకానిక్ నాలుగు బోల్టులు విప్పి ఇంజిన్ కిందికి దించేయగలిగేవాడు. పొదుపు ఎంత దూరం పోయిందంటే, 1960ల మొదటి వరకు చాలా బీటిల్స్‌లో పెట్రోలు మీటరే ఉండేది కాదు. ఇంజిన్ దగ్గుతూ ఆగబోతుంటే డ్రైవరు కాలితో కింద ఉన్న లీవరు తిప్పాలి, పాత మోటార్‌సైకిళ్లలో రిజర్వ్ వేసినట్టు. ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో అద్దం మీదికి నీళ్లు చిమ్మడానికి మోటారు పెట్టలేదు. ముందు డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరులోని గాలి ఒత్తిడినే వాడుకున్నారు. అద్దం ఎక్కువ సార్లు కడిగితే స్టెప్నీ గాలి తగ్గిపోతుంది కదా అంటే, ఒక స్థాయికి తగ్గగానే మూసుకునే వాల్వు కూడా పెట్టారు.

1959లో డోయిల్ డేన్ బెర్న్‌బాక్ అనే ప్రకటనల సంస్థ అమెరికాలో మొదలుపెట్టిన ప్రచారం కూడా కలిసొచ్చింది. పెద్ద తెల్ల కాగితం మీద మూలన చిన్న కారు బొమ్మ పెట్టి, చిన్నదనాన్నే గొప్పగా చూపించారు. ఆ ప్రచారం పుణ్యమా అని అన్ని కార్లూ అమ్ముడయ్యాయని ప్రకటనల వాళ్లు అంటారు. నేనైతే మెకానిక్‌కే ఎక్కువ మార్కులేస్తాను.

1950లు, 60లలో యూరప్‌లో ఇన్ని బుల్లి కార్లు ఎందుకొచ్చాయి?

యుద్ధంలో దెబ్బతిన్న దేశాల్లో జీతాలు తక్కువ, పెట్రోలు ఖరీదు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ 2సీవీ 1948లో వచ్చి 1990 వరకు నడిచింది, 38 లక్షలకు పైగా తయారైంది. 1961లో వచ్చిన రెనో 4 మొత్తం 80 లక్షలు దాటింది. ఇటలీలో 1957 నాటి ఫియట్ 500 చిన్న వీధుల్లో స్కూటర్ల స్థానం తీసుకుంది.

బ్రిటన్ మినీకి మాత్రం ప్రత్యేక కారణం ఉంది. 1956లో సూయెజ్ కాలువ సంక్షోభం వచ్చి పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ తాగే కారు వెంటనే కావాలన్నారు. అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కిందే అమర్చి, చక్రాలను నాలుగు మూలలకు నెట్టాడు. పది అడుగుల కారులో నలుగురు కూర్చున్నారు. 1959లో అది వచ్చినప్పుడు అసలు ధర 500 పౌండ్లలోపే. ఫోర్డ్ ఇంజనీర్లు ఒక మినీని కొని విప్పి చూసి, కంపెనీ ప్రతి కారు మీదా డబ్బు పోగొట్టుకుంటోందని తేల్చారని చెబుతారు. 2000 వరకు అది 53 లక్షలకు పైగా తయారైంది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే చిన్న కార్లలో చాలామటుకు ఇంజిన్ అడ్డంగా ఉందంటే ఆ దారి చూపింది మినీయే. అమ్మకాల జాబితాలో దాని స్థానం కంటే అది వదిలిన ముద్ర చాలా పెద్దది.

అదే సమయంలో అమెరికాలో?

అక్కడ దీనికి పూర్తిగా తలకిందులు. 1965లో షెవ్రొలే ఇంపాలా ఒక్క ఏడాదిలో పది లక్షలు దాటింది. దాదాపు పద్దెనిమిది అడుగుల పొడవు, ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజిన్, చవక పెట్రోలు. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ రెండేళ్లు నిండకముందే పది లక్షలు చేరింది. అది లోపల ఫాల్కన్ అనే మామూలు కారే, పైన కుర్రాళ్లకు నచ్చే ఒళ్లు తొడిగారు.

1970లలో జాబితా అంతా ఎందుకు తారుమారైంది?

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ముడి చమురు 1974 మొదటికి 12 డాలర్ల దగ్గరికి వెళ్లింది. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి.

ఆ దెబ్బతో లాభపడ్డవాళ్లు అంతకుముందే సిద్ధంగా ఉన్నవాళ్లు. హోండా సివిక్ 1972లోనే వచ్చేసింది. దాని సీవీసీసీ ఇంజిన్ అమెరికా కొత్త కాలుష్య నిబంధనలను, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పరికరం లేకుండానే అందుకుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను నమ్ముకుని మునిగిపోయే దశలో 1974లో గోల్ఫ్‌ను దించింది. ఇంజిన్ ముందుకొచ్చింది, నీళ్లతో చల్లబడింది, ఇటలీకి చెందిన జ్యుజారో గీసిన సూటి గీతల ఆకారం వచ్చింది. బీటిల్ నమ్మిన ప్రతిదాన్నీ తలకిందులు చేసిన ఆ కారు 2002లో బీటిల్ ఉత్పత్తి సంఖ్యను దాటింది.

కొరోలాలో అంత ప్రత్యేకత ఏముంది?

ప్రత్యేకత లేకపోవడమే, కానీ అది పథకం ప్రకారం చేసింది. మొదటి కొరోలాకు ముఖ్య ఇంజనీరు తత్సువో హసెగావా. ఆయన అంతకుముందు విమానాలు డిజైన్ చేసినవాడు. ఆయన పెట్టుకున్న కొలత ఇది: కారులో ఏ విషయంలోనూ 80 మార్కులకు తగ్గకూడదు, కొన్ని విషయాల్లో మాత్రం అంతకు మించి ఉండాలి. ఒకదాంట్లో నూరు తెచ్చుకుని ఇంకోదాంట్లో ఫెయిలయ్యే కారు వద్దు.

ఆ ‘మించి ఉండటం’ ఎక్కడో చూడండి. 1966లో నిస్సాన్ 1,000 సీసీ ఇంజిన్‌తో సన్నీని తెస్తోందని తెలిసి టొయోటా తన కారును 1,100 సీసీకి పెంచింది. ఆ 100 సీసీ ఎక్కువన్న మాటనే ప్రకటనల్లో వాడుకుంది. కొనేవాళ్లకు అది నిజంగా ఎంత ఉపయోగపడిందో గానీ, పక్కింటి కారు కంటే తమది కాస్త మేలన్న తృప్తి మాత్రం ఇచ్చింది. 1974కల్లా అది ప్రపంచంలోనే ఎక్కువగా అమ్ముడయ్యే కారైంది. 1997లో మొత్తం అమ్మకాల్లో బీటిల్‌ను దాటింది.

దాన్ని బోరింగ్ కారని వెక్కిరించేవాళ్లున్నారు. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయి ఆఫీసుకు చేర్చే కారు కావాల్సినవాళ్లకు ఆ మాట తిట్టులా వినపడదు.

కొనేవాడికి వేరే దారి లేని దేశాల్లో అమ్మకాలను కూడా లెక్కలోకి తీసుకోవాలా?

ఇది నాకు బాగా నచ్చిన ప్రశ్న. సోవియట్ యూనియన్ 1966లో ఫియట్‌తో ఒప్పందం చేసుకుని, తొల్యాత్తి నగరంలో ఫ్యాక్టరీ కట్టి, 1970లో వాజ్-2101 మొదలుపెట్టింది. మనకు తెలిసిన పేరు లాడా. మూలం ఫియట్ 124, కానీ రష్యా రోడ్లకూ చలికీ తట్టుకునేలా వందల మార్పులు చేశారు. బాడీకి మందమైన స్టీలు వాడారు, నేలకు ఎత్తు పెంచారు, వెనక డిస్క్ బ్రేకులు తీసేసి డ్రమ్ములు పెట్టారు. బ్యాటరీ గడ్డకట్టినా స్టార్ట్ చేసుకునేలా హ్యాండిల్ కూడా ఇచ్చారు. ఆ కుటుంబానికి చెందిన కార్లు 2012 దాకా రష్యాలో తయారై, మొత్తం కోటీ 70 లక్షలు దాటాయి.

తూర్పు జర్మనీ ట్రబాంట్ కథ ఇంకా విచిత్రం. పొగలు కక్కే టూ-స్ట్రోక్ ఇంజిన్, పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి నొక్కిన బాడీ. 30 లక్షలకు పైగా తయారయ్యాయి. పేరు రాయించుకున్నాక పదేళ్లకు పైగా ఎదురుచూడాలి. అందుకని అప్పటికప్పుడు చేతికొచ్చే సెకండ్ హ్యాండ్ ట్రబాంట్ కొత్తదాని కంటే ఎక్కువ ధర పలికేది.

నా లెక్క ప్రకారం ఇవి ఉత్పత్తి జాబితాలో ఉండాలి. జనం ఇష్టపడి కొన్నారని చెప్పే జాబితాలో ఉండకూడదు. అయితే లాడాను బ్రిటన్, కెనడా లాంటి చోట్ల కూడా డబ్బులిచ్చి కొన్నారు. చవక అంటే అదీ.

1980లు, 90లలో అమెరికాలో జపాన్ కార్లు ఎలా పైకొచ్చాయి?

అక్కడే తయారుచేసి. హోండా 1982లో ఒహైయోలోని మేరీస్‌విల్‌లో అకార్డ్ మొదలుపెట్టింది. ట్రక్కులను పక్కన పెడితే, 1989లో అకార్డ్ అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన కారైంది. విదేశీ పేరున్న కారుకు ఆ స్థానం దక్కడం అదే మొదలు. 1992 నుంచి 1996 వరకు ఫోర్డ్ టారస్ ఆ కిరీటం వెనక్కి తెచ్చుకుంది కానీ దాని అమ్మకాల్లో అద్దె కార్ల సంస్థలకూ ఆఫీసులకూ పోయిన వాటా చాలా పెద్దది. 1997 నుంచి టొయోటా క్యామ్రీ అందుకుంది, 2001 ఒక్క ఏడాది అకార్డ్‌కు వదిలి.

అమెరికాలో పికప్ ట్రక్కు మొదటి స్థానంలో ఎందుకుంది?

పొలాలు, పనులు, దూరాలు అన్నీ నిజమే. కానీ చట్టాల పాత్ర గురించి తక్కువగా మాట్లాడతారు. 1964లో యూరప్ దేశాలతో కోడిమాంసం ఎగుమతుల గొడవలో అమెరికా విదేశీ ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగవు తీరిపోయింది, సుంకం ఉండిపోయింది. దానికి తోడు 1975 ఇంధన చట్టం తర్వాత కార్లకు పెట్టిన మైలేజీ షరతులు ట్రక్కులకు కాస్త సడలించారు. బయటి పోటీ లేదు, లోపల నిబంధనలు తేలిక. కంపెనీలకు ఎక్కడ లాభం కనిపిస్తే అక్కడే మంచి ఇంజనీర్లనూ ప్రకటనల డబ్బునూ పెట్టాయి. ఎఫ్-సిరీస్ 1977 నుంచి అక్కడ ట్రక్కుల్లో మొదటిది, 1980ల మొదటి నుంచి మొత్తం బండ్లలోనే మొదటిది.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? ఎలక్ట్రిక్ కార్లు ఎక్కడున్నాయి?

2023లో టెస్లా మోడల్ వై దాదాపు 12 లక్షలు అమ్ముడై ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఒక ఎలక్ట్రిక్ కారుకు అది మొదటిసారి. ఆ ఏడాది జనవరిలో కంపెనీ ధరలు గట్టిగా తగ్గించింది. ధర కోతతో జనాన్ని లాగడం మోడల్ టీ నాటి విద్యే. 2024లో రావ్ 4, మోడల్ వై దాదాపు సమానంగా నిలిచాయి. తొలితరం ఎలక్ట్రిక్ కార్లలో 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌ది ముందంజ. పది లక్షలు దాటిన మొదటి ఎలక్ట్రిక్ కారు మాత్రం 2021లో టెస్లా మోడల్ 3.

సెడాన్ల కాలం పోయి ఎస్‌యూవీల కాలం వచ్చిందని అందరూ అంటున్నదే. కానీ 2020లో చైనాలో వచ్చిన వులింగ్ హాంగ్‌గ్వాంగ్ మినీ ఈవీ 28,800 యువాన్ల ధరతో అక్కడ ఎలక్ట్రిక్ కార్లలో మొదటి స్థానానికి ఎగబాకింది. యూరప్‌లో 2024లో ముందున్నది డాసియా సాండెరో, అక్కడ దొరికే చవక కార్లలో ఒకటి.

ఎక్కువ అమ్ముడైందంటే మంచి కారనే అర్థమా?

కాదు. షెవ్రొలే వేగా 1970ల్లో దాదాపు 20 లక్షలు తయారైంది. వచ్చిన కొత్తలో అవార్డు కూడా అందుకుంది. ఆ తర్వాత తుప్పుతో, ఇంజిన్ వేడెక్కడంతో అపఖ్యాతి పాలైంది. అమ్మకం జరిగేది షోరూమ్‌లో, కారు గుణం తెలిసేది అయిదేళ్ల తర్వాత. అందుకే ఒక ఏడాది అంకె కంటే, ఒకే పేరు పదేళ్లపాటు జాబితాలో నిలిచిందా అన్నదే చూడండి. అలా నిలిచిన కారుకు స్పేర్ పార్ట్స్ దొరుకుతాయి, దాని గుట్టు తెలిసిన మెకానిక్‌లు ఉంటారు, తిరిగి అమ్మితే ధర వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఈ జాబితాల అసలు ఉపయోగం ఇక్కడే.

ఒకే డిజైన్ మళ్లీ 2 కోట్లు దాటే అవకాశం ఉందా?

నాకైతే నమ్మకం లేదు. ప్రమాద భద్రత, కాలుష్య నిబంధనలు కొన్నేళ్లకోసారి కఠినమవుతుంటాయి కాబట్టి ఏ కంపెనీ అయినా ఆరేడేళ్లకు కారును మార్చక తప్పడం లేదు. బీటిల్‌కు అరవై ఏళ్లు దొరికాయి. పైగా ఇప్పుడు కంపెనీలు ఒకే అడుగు భాగం మీద అయిదారు రకాల కార్లు కట్టి వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి. లోపలి భాగాలు కోట్లలో తయారవుతాయి, పేరు మాత్రం ఒక్కో కారుకు ఒక్కోటి. ఆ అడుగు భాగాన్నే ‘కారు’గా లెక్కపెట్టడం మొదలుపెడితే రికార్డులన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.